మా బిడ్డను కూడా ఒక మాట అడగండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హనుమకొండ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి మూడుసార్లు వెళ్లి, వెన్ను ఆపరేషన్ అయిన పిల్లలను తనిఖీలో వాళ్ల బాధ గురించి కూడా అడగాలని అర్జీ ఇచ్చినా చేతికి రశీదులే తప్ప జవాబు రాలేదు కనుక మీకు ఈ లేఖ రాస్తున్నాను.

మా అమ్మాయికి పద్నాలుగో ఏట ప్రభుత్వ పథకం కింద స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకు వంగిపోవడం) ఆపరేషన్ జరిగింది. వెన్ను వంకర 62 డిగ్రీల నుంచి 24 డిగ్రీలకు తగ్గింది; ఆ మేలు మేము మరువము. అయితే ఈ రెండేళ్లలో తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ ఎక్స్‌రే తీసి, కోణం చూసి, బాగుంది వెళ్లిరండి అన్నారే గాని, నొప్పి ఉందా, నిద్ర పడుతోందా అని ఆమెను ఎవరూ అడగలేదు.

అడిగి ఉంటే ఎంతో చెప్పేది. రాడ్లు, స్క్రూలు వేసి పూసలను కలిపేసిన చోట వెన్ను వంగదు. వంగి చప్పట్లు కొట్టలేక, మొన్న సద్దుల బతుకమ్మ నాడు పూలు పేర్చి ఇచ్చి తాను గోడవారన నిలబడింది. బడిలో తోటి పిల్లలు నేల మీద కూర్చొని అన్నం తింటుంటే తాను నిలబడే తింటుంది. వీపు మీది కోత మచ్చ కనబడుతుందని ఎండాకాలంలోనూ చున్నీ తీయదు. వాళ్ల అమ్మ జడ వేస్తున్నప్పుడు అద్దం వైపు తిరగదు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారి మీద నాకు కోపం లేదు. రాసే ఫారంలోనే ఈ సంగతులకు చోటు లేనప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తారు?

స్కోలియోసిస్ రోగుల కోసమే ఎస్‌ఆర్‌ఎస్-22 అనే ప్రశ్నపత్రం ఉంది. నొప్పి, పనులు చేసుకోగలగడం, తన రూపం తనకెలా తోస్తోంది, మనసు ఎలా ఉంది, చికిత్స తృప్తినిచ్చిందా అని 22 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 మార్కులు. జవాబులు రోగే ఇవ్వాలి. కోణం తగ్గినంత మాత్రాన ఈ మార్కులు పెరుగుతాయన్న నమ్మకం లేదని వెన్ను డాక్టర్లకు తెలుసు. అందుకే ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత ఏటేటా అడగాలి. వంకర పెరగకుండా ఒంటికి కట్టే బ్రేస్‌ను రోజుకు 18 గంటలు బిగించుకొని బడికి వెళ్లే పిల్లలనూ అడగాలి. మన తెలుగులో అడగాలి, చదువు రానివారికి చదివి వినిపించాలి, నేల మీద కూర్చోవడం గురించీ బస్సు ప్రయాణం గురించీ అడగాలి.

వచ్చే నెల మా అమ్మాయికి మళ్లీ తనిఖీ ఉంది. అప్పటికైనా ఆ ప్రశ్నలు ఆమె చేతికి అందేలా ఆదేశాలు ఇవ్వండి, దయచేసి ఇవ్వండి.

ఇట్లు,
ఒక తండ్రి,
హనుమకొండ జిల్లా