స్కేట్స్ కొనే ముందు, ఇంట్లో పదును పెట్టే ముందు

తల్లిదండ్రులందరికీ నమస్కారం,

పరీక్షల తేదీలు, సెలవుల జాబితా రెండో పేజీలో ఉన్నాయి. ఈ నెల నా ఉత్తరం మొత్తం ఐస్ హాకీ స్కేట్స్, అంటే ఐస్ మీద ఆడటానికి వేసుకునే స్టీలు బ్లేడున్న బూట్ల గురించే. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం ప్రాక్టీస్ చూడటానికి వెళ్ళాను. నాలుగో తరగతి పాప ఒకతి ఎడమ పక్కకి తిరిగిన ప్రతిసారీ పడిపోతోంది. లేస్తోంది, మళ్ళీ తిరుగుతోంది, మళ్ళీ పడుతోంది. "దానికి భయం మేడమ్" అని పక్కనున్న పిల్లలే తేల్చేశారు, ఆ పాప కూడా "నాకు రాదు మేడమ్" అనేసింది. బెంచీ మీద కూర్చోబెట్టి లేసులు వదులు చేసి చూస్తే మడమ వెనకాల నా రెండు వేళ్ళు సులువుగా దూరిపోయాయి. లోపల రెండు జతల సాక్స్. కుడి స్కేటు తిప్పి వెలుతురుకి పట్టుకుని, బ్లేడు అడుగున ఉండే రెండు అంచుల్లో బయటి అంచు మీద గోరు మెల్లగా అడ్డంగా గీశాను, గోరు మీంచి సన్నటి తెల్లపొడి రాలింది. లోపలి అంచు మీద గీస్తే గాజు మీద జారినట్టు జారిపోయింది. ఎడమకి తిరిగేటప్పుడు కుడికాలు తోసేది సరిగ్గా ఆ లోపలి అంచుతోనే. అక్కడ పట్టు లేకపోతే ఎంత ధైర్యం ఉన్నా పడక ఏం చేస్తుంది?

మర్నాడు అరువు తెచ్చిన వేరే జత వేసుకుని అదే పాప అదే మలుపు తిరిగింది. కాబట్టి మిమ్మల్ని అడిగేది ఒకటే, పిల్లలు ఐస్ మీద తడబడుతున్నారంటే వాళ్ళని ఏమైనా అనే ముందు వాళ్ళ కాళ్ళకున్నవి చూడండి.

కొనేటప్పుడు మనందరం చేసే పని ఒకటుంది. ఎదిగే పిల్లలు కదా, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని ఒకటి రెండు సైజులు పెద్దవి తీసుకుంటాం. బడి యూనిఫాం అయితే సరే, మడిచి కుట్టించొచ్చు. స్కేట్స్‌కి అది కుదరదు. లోపల పాదం కదులుతుంటే పిల్లలు ఎంత గట్టిగా తోసినా ఆ బలం బ్లేడు దాకా చేరదు, చీలమండ పక్కకి ఒరిగిపోతుంది, ఒరగకుండా మనం లేసులు బిగించేస్తాం, దాంతో కాలు మొద్దుబారుతుంది, పది నిమిషాలకే పిల్లలు బయటికొచ్చి కూర్చుంటారు, మనమేమో బద్ధకం అంటాం. తీరా కాలు పెరిగి అవి సరిపోయే నాటికి బూటు మెత్తబడిపోయి ఉంటుంది, బ్లేడు అరిగిపోయి ఉంటుంది. అర సైజు ఎక్కువ అయితే నేనేమీ అనను. అంతకంటే వద్దు. రెండు జతల సాక్స్‌తో సరిపెట్టడం అసలే వద్దు, ఒక్క జత, పల్చటివి చాలు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బూట్ల సైజు, హాకీ స్కేట్స్ సైజు ఒకటి కాదు. బావర్, సీసీఎం లాంటి కంపెనీల స్కేట్స్ మామూలు బూట్ల అమెరికా సైజు కంటే 1 నుంచి 1.5 సైజు తక్కువలో సరిపోతాయి. అమెరికా సైజులో 5వ నంబరు బూటు వేసుకునే పిల్లలు 4 దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి. పొడవు ఒక్కటే కాదు, వెడల్పు కూడా ఉంటుంది: బావర్‌లో ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని సన్నటి దాన్నుంచి వెడల్పు దాకా, సీసీఎంలో టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అని. రెండు పాదాలూ కొలిపించండి, ఏది పెద్దదైతే దాని లెక్కన తీసుకోండి. ఏ కంపెనీ మంచిదని నన్ను చాలామంది అడుగుతారు. మీ పిల్లల పాదం ఆకారానికి ఏది సరిపోతే అదే మంచిది, ఇంతకు మించి నేను చెప్పగలిగిందేమీ లేదు, కోచ్ కూడా ఇదే అంటారు.

వేసి చూసేటప్పుడు కాలు లోపల పెట్టి మడమని నేలకేసి రెండుసార్లు తట్టమనండి, పాదం వెనక్కి సర్దుకుంటుంది. అప్పుడు లేసులు కట్టండి. నిటారుగా నిలబడితే వేళ్ళ చివర్లు ముందున్న గట్టి డిప్పకి తగిలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్ళు వంచి ఆట భంగిమలోకి రాగానే మడమ వెనక్కి దిగి వేళ్ళు కొంచెం ఖాళీ అవ్వాలి. వంచినా కూడా వేళ్ళు ముడుచుకునే ఉన్నాయంటే చిన్నవి. లేసులు కట్టకుండా పాదం పూర్తిగా ముందుకి జరిపితే మడమ వెనక పిల్లల విషయంలో ఒక వేలు పట్టొచ్చు, రెండు పట్టకూడదు. బూటు లోతు చూడటానికి పెన్సిల్‌తో ఒక పరీక్ష ఉంది. లేసుల కింద ఉండే బూటు నాలుకని ముందుకి లాగి, పైనుంచి మూడో జత లేసు రంధ్రాల మీద పెన్సిల్ అడ్డంగా పెట్టండి. పెన్సిల్ రెండు పక్కలా రంధ్రాల మీద ఆనకుండా పాదం మీద ఊగుతోందంటే ఆ బూటు ఆ పాదానికి లోతు చాలదు, లేసులు ఎలా కట్టినా పైన నొక్కుతూనే ఉంటుంది. ఇవన్నీ బాగున్నా సరే, కొనేసే ముందు పావుగంట అలాగే వేసి ఉంచండి, తర్వాత విప్పి పాదం చూడండి. ఒకే చోట ఎర్రగా కందిందంటే రేపు అక్కడే బొబ్బ లేస్తుంది.

కొన్ని స్కేట్స్‌ని వేడి చేసి పాదం ఆకారానికి సర్దిస్తారు. ఆ పని తెలిసినవాళ్ళ చేతే చేయించండి, వంటింటి ఓవెన్‌లో ప్రయోగాలు వద్దు. సర్దించాక ఒక రోజు ఐస్ మీదికి తీసుకెళ్ళొద్దు.

వాడినవి కొన్నా తప్పేమీ లేదు, ఈ వయసులో నిజానికి అదే తెలివైన పని. చీలమండ దగ్గర బూటుని రెండు పక్కల నుంచీ చేత్తో నొక్కి చూడండి, పాత చెప్పులా మెత్తగా నలిగిపోతే వదిలేయండి. బ్లేడుని పట్టి ఉంచే ప్లాస్టిక్ భాగంలో పగుళ్ళు, వదులైన రివెట్లు ఉన్నాయేమో చూడండి. బ్లేడులో స్టీలు ఎంత మిగిలిందో చూడండి, బాగా అరిగి ఉంటే కొత్త స్టీలు వేయించే ఖర్చు కూడా కలుపుకోండి. పైపై తుప్పు పోతుంది గానీ అంచు మీద గుంటలు పడేంత తుప్పు పోదు.

ఇక పదును సంగతి. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

స్కేటు బ్లేడుని కత్తిలా ఊహించుకుంటాం. కత్తికి పదును ఒకచోటే, స్కేటుకి రెండు చోట్ల. హాకీ బ్లేడు దాదాపు 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, దాని అడుగున నిలువునా ఒక సన్నటి గాడి ఉంటుంది, ఆ గాడికి అటూ ఇటూ మిగిలినవే లోపలి అంచు, బయటి అంచు. ఐస్‌ని పట్టుకునేది ఆ రెండే. గాడి ఎంత ఉండాలో అంగుళాల్లో చెబుతారు: 3/8, 1/2, 5/8, 3/4 అని. అంటే గాడి వంపు అంత వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ఒక చిన్న ముక్క అన్నమాట. వృత్తం చిన్నదైతే గాడి లోతుగా, పట్టు ఎక్కువగా ఉంటుంది. వృత్తం పెద్దదైతే గాడి పల్చగా, జారడం సులువుగా ఉంటుంది. 1/2 అంగుళం చాలామందికి సరిపడే మధ్యరకం. బరువు తక్కువున్న చిన్నపిల్లలు అంచుని ఐస్‌లోకి దించలేరు కాబట్టి వాళ్ళకి కొంచెం లోతు మేలు, బరువైన పెద్దపిల్లలకి పల్చటిది మేలు. ఐస్ బాగా చల్లగా, గట్టిగా ఉంటే కూడా లోతు కావాల్సొస్తుంది. మార్చాలనుకుంటే ఒక్కో మెట్టు, 1/8 అంగుళం చొప్పున మార్చండి, అదీ మ్యాచ్ ముందురోజు కాదు. గోల్‌కీపర్ల బ్లేడు మందంగా ఉంటుంది, వాళ్ళ లెక్క వేరు, కోచ్‌ని అడగండి.

1/2 అంగుళం గాడి అంటే లోతు ఎంతనుకున్నారు? మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు. ఐస్ నుంచి కాలిబాట మీదికి నాలుగడుగులు వేస్తే పోయేంత సున్నితం.

ఇది తెలియక కొన్నేళ్ళ కిందట మా అబ్బాయి స్కేట్స్‌ని నేనే పాడుచేశాను. పదును పోయిందన్నాడు, ఇంట్లో ఆకురాయి ఉంది, బల్ల మీద బోర్లా పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకి అరగంట రుద్దాను. బ్లేడు మిలమిలా మెరిసింది, ఎంత బాగా చేశానో అనుకున్నాను. నిజానికి గాడి మొత్తం చదునైపోయింది, అంచులే లేవు. ఆ సాయంత్రం వాడు ఆగబోయి ఆగలేక నేరుగా రింకు (ఐస్ మైదానం) చుట్టూ ఉండే బోర్డుకి గుద్దుకున్నాడు. మణికట్టు వాచిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు, "అమ్మా, నేనే సరిగ్గా వంగలేదేమో" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. మొన్న ఆ పాప "నాకు రాదు" అన్నప్పుడు అదే వినబడింది.

అందుకని ఆకురాయి, కత్తులకి సానపట్టే పరికరాలు, గోడకి బిగించిన గ్రైండర్ వీటితో స్కేట్స్ జోలికి వెళ్ళకండి. గ్రైండర్ వేడికి స్టీలు నీలం రంగుకి తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే, ఎంత పదును పెట్టినా నిలవదు. పైగా బ్లేడు ముందు నుంచి వెనక్కి కూడా కొంచెం వంపుగా ఉంటుంది, పిల్లలు తిరగగలిగేది ఆ వంపు వల్లే. చేత్తో రుద్దితే ముందు, వెనక ఎక్కువ అరిగి ఆ వంపు మారిపోతుంది.

ఇంట్లో పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు. స్పార్క్స్, ప్రోషార్ప్ లాంటి కంపెనీలు ఇళ్ళలో వాడుకునే యంత్రాలు చేస్తున్నాయి. స్కేటుని పైన బిగిస్తే లోపల రాపిడి రింగు బ్లేడు పొడవునా తనే తిరుగుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆడేవాళ్ళుంటే, లేదా నాలుగైదు కుటుంబాలు కలిసి కొంటే దాని విలువ ఉంటుంది. ఒక్క పిల్లాడు వారానికి ఒకసారి ఆడితే దానికోసం యంత్రం అక్కర్లేదని నా అభిప్రాయం. ఒక్కో గాడి సైజుకి ఒక్కో రింగు ఉంటుందని, రింగులు అరుగుతాయని, మార్చాల్సి ఉంటుందని ముందే లెక్కేసుకోండి. యంత్రం తెచ్చిన రోజునే పిల్లల స్కేట్స్ పెట్టేయకండి, రింగు సరిగ్గా బ్లేడు మధ్యకి వస్తోందో లేదో సర్దుకోవడమే ఇందులో అసలు పని. అది ఒక వెంట్రుకవాసి పక్కకి ఉన్నా ఒక అంచు ఎత్తు, ఒక అంచు పల్లం అవుతుంది. ఆ పాప స్కేట్స్ కూడా ఇంట్లో పదును పెట్టినవే.

పెట్టే ముందు బ్లేడు పొడిగా తుడవండి. పదును పెట్టాక అంచు పక్కన కంటికి కనబడనంత సన్నటి స్టీలు పొర లేచి ఉంటుంది, నున్నటి సానరాయిని బ్లేడు పక్కకి చదునుగా ఆనించి, అసలు బలం పెట్టకుండా, ఒకటి రెండుసార్లు లాగితే పోతుంది. రాయి వంచారంటే పెట్టిన పదునంతా అక్కడే పోతుంది. తర్వాత రెండు అంచులూ సమానంగా ఉన్నాయో లేదో చూడాలి, ఇది మాత్రం దయచేసి మానొద్దు. స్కేటు బోర్లా పట్టుకుని, చిన్న ప్లాస్టిక్ స్కేలుని బ్లేడు మీద అడ్డంగా ఆనించి, ఒక కన్ను మూసి ముందు నుంచి చూడండి. బ్లేడు, స్కేలు కలిసి సరిగ్గా ఇంగ్లీషు T అక్షరంలా ఉండాలి. స్కేలు ఒక పక్కకి వాలితే ఆ పక్క అంచు తక్కువైనట్టు. ముందు, మధ్యలో, వెనక, మూడు చోట్లా చూడండి. కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకోండి, ఆ స్టీలు పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు. పిల్లలు పక్కన నిలబడి చూడొచ్చు, చెయ్యి పెట్టకూడదు.

చిన్న చేతి పరికరాలు కూడా దొరుకుతాయి, పింగాణీ కడ్డీతో బ్లేడు మీద లాగేవి. అవి మొద్దుబారిన అంచుని కాస్త సరిచేస్తాయి, పోయిన గాడిని తీసుకురాలేవు. రెండు ఆటల మధ్య అవసరానికి పనికొస్తాయి, అంతే.

ఎన్నాళ్ళకోసారి పెట్టాలి? ఐస్ మీద 10 నుంచి 15 గంటలు గడిచాక చూసుకోండి. ఈలోపు గట్టి వస్తువు మీద అడుగుపడితే ఆ రోజే. ప్రతిసారీ స్టీలు కొంచెం పోతుంది కాబట్టి ఉత్తినే పెట్టకండి. కొత్త జత మాత్రం పెట్టె నుంచి తీసి అలాగే పంపకండి, చాలావాటికి ఆటకి పనికొచ్చే పదును ఉండదు. ఆట అవ్వగానే పొడిగుడ్డతో బ్లేడు, బూటు కలిసే సందుల్లో కూడా తుడిచి గుడ్డ తొడుగు వేయండి. ప్లాస్టిక్ తొడుగులు నడవడానికే, వాటిలోనే రాత్రంతా ఉంచితే లోపలి తడికి తుప్పు పడుతుంది.

బడి తరఫున రెండు మాటలు. వరండాల్లో, బస్సులో తొడుగు లేని స్కేట్స్ కనబడకూడదు, కనబడితే క్రీడా గదిలో ఉంచి సాయంత్రం మీకే ఇస్తాం. అంచుల సమానత చూసే పరికరం ఒకటి అదే గదిలో పెట్టాం, ప్రతి శుక్రవారం ఉదయం బడి గంట కొట్టడానికి అరగంట ముందు నుంచి కోచ్ అక్కడ ఉంటారు, నేనూ ఉంటాను. ఇంట్లో పెట్టినా బయట పెట్టించినా, మొదటిసారి తెచ్చి చూపించండి. పిల్లల బ్యాగులో ఒక చీటీ కూడా పెట్టండి, దాని మీద పేరు, గాడి సైజు, చివరిసారి పదును పెట్టిన తేదీ రాసి ఉండాలి.

ఉంటాను,
మీ ప్రధానోపాధ్యాయురాలు