మన పాడి రైతుల సంఘం: ఈ ఏడాది పనుల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో చదవాలి కాబట్టి రాస్తున్నాను, సగంలో టిఫిన్ల దగ్గరికి లేచిపోకండి.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోదగ్గది పెందుర్తిలో పెట్టిన పాల ప్రదర్శనే. పందిరి వేసిచ్చిన పెద్దాయనకి, రెండు క్యాన్ల పాలిచ్చి రూపాయి పుచ్చుకోని అక్కకి, గ్యాస్ పొయ్యి మోసుకొచ్చిన కుర్రాళ్లకి, సెలవు రోజైనా వచ్చిన పశువుల డాక్టరు గారికి మరోసారి దణ్ణాలు. ఆయన పాలలో థర్మామీటర్ వేలాడదీసి, క్రిములు చచ్చాయనిపించినప్పుడు చెయ్యెత్తమన్నారు. ఆవిరి లేవగానే సగం మంది ఎత్తేశారు. చూస్తే 56 డిగ్రీలు! 63 దగ్గర అరగంట నిలపాలి, లేదా 72 దగ్గర 15 సెకన్లు. డెయిరీల్లో చేసే పాశ్చురైజేషన్ అదే. ఈసుకుపోయే (నెలలు నిండకుండా దూడ పడిపోయే) రోగం తెచ్చే బ్రూసెల్లా అనే క్రిమి, పశువుల క్షయ క్రిమి దానికి నిలవవు. ఇంట్లో అంత లెక్క అక్కర్లేదు, కలియబెడుతూ ఒక పొంగు రానిస్తే చాలు. ఫ్రిజ్‌లో పెడితే చస్తాయనుకోవద్దు, చల్లదనం వాటికి హాయి. గుమ్మపాలు బలమని మనవలకి పట్టే తాతలకి ఆ రోజు కోపం వచ్చింది, రానివ్వండి.

పాల సంగతి పొయ్యి చూసుకుంటుంది, నీళ్ల తొట్టిని ఎవరు కాస్తారు? నా గోలంతా అదే. తొట్టి అడుగున చెయ్యి పెట్టి చూడండి, పచ్చటి జిగురు, పేడ నలుసులు, నానిన గడ్డి. గేదె మేత మేస్తూనే పారుకుని పారుకుని ఎండిపోయే జోన్స్ వ్యాధి ఉంది చూశారూ, ఆ క్రిమి అలాంటి చోట ఏడాది దాటినా బతకగలదు, మామూలు మోతాదు క్లోరిన్‌కి లొంగదు, పాశ్చురైజ్ చేసిన పాలలో కూడా ఒకటీ అరా మిగలొచ్చు. దూడప్పుడు అంటితే బయటపడేది రెండేళ్లకో ఐదేళ్లకో, ఇక ఎవరి తొట్టిలో అంటిందో తేల్చేదెలా? బ్రూసెల్లా క్లోరిన్‌కి చస్తుంది గానీ, పేడ ఉన్న తొట్టిలో బ్లీచింగ్ చల్లితే ఆ మందంతా పేడకే సరి. ముందు తోమాలి, తర్వాత మందు, ఆపైన ఎండ. నేరుగా ఎండ తగిలితే గంటల్లో పోయే బ్రూసెల్లా నీడలో, తడిలో నెలల తరబడి ఉంటుంది. మన సముద్రపు గాలికి వానాకాలంలో తొట్టి ఆరేదెప్పుడు, తోముడే దిక్కు. ఈసుకుపోయిన దూడనీ మాయనీ గెడ్డలో (వాగులో) పారేయడం ఈ ఏడాదీ ఆగలేదు, కింద ఆ నీళ్లు తాగేవీ మన గేదెలే. చేతులకి తొడుగులు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చండి, బ్రూసెల్లా జ్వరం మనుషులకీ వస్తుంది.

తొట్లు తోమే ఆదివారానికి గ్రూపులో 36 బొటనవేళ్లు లేచాయి. వచ్చింది ఐదుగురు, అందులో ఇద్దరు ఫొటో దిగి వెళ్లారు. బ్రూసెల్లా టీకా పెయ్య దూడలకి 4 నుంచి 8 నెలల లోపే వేయించాలి. దానికోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, ప్రతిసారీ వచ్చే వారమే అన్నారు, ఈలోగా కొన్ని దూడలకి వయసు దాటిపోయింది.

జమాఖర్చులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, బ్రష్షులు, బ్లీచింగ్, టీలు, అంతే. చందా బాకీ ఉన్నవాళ్లకి వాళ్లెవరో తెలుసు.

ప్రదర్శన అయ్యాక థర్మామీటర్ ఎవరో ఇంటికి పట్టుకెళ్లారు. దయచేసి తెచ్చివ్వండి, అది డాక్టరు గారిది.