నా గొంతును మళ్లీ రికార్డింగ్ దాకా తెచ్చిన అన్నకు

అన్నా, మీ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు, థ్యాంక్స్ మాత్రం అందరి ముందూ చెప్పాలి. యాక్సిడెంట్‌లో పక్కటెముకలు విరిగి, వెన్నుకు ఆపరేషన్ జరిగాక నేను ఒక లైను పూర్తిగా పాడలేకపోయేవాణ్ణి, పైస్థాయికి వెళ్తే గొంతు కన్నా ముందు ఊపిరి అయిపోయేది, ఇక ఆల్బమ్‌లు కుదరవని చాలామంది మర్యాదగానే చెప్పేశారు. మీరు మాత్రం అమెరికన్ సోల్ గాయకుడు కర్టిస్ మేఫీల్డ్ గురించి చెప్పారు. 1990లో స్టేజీ మీద లైట్ల సామగ్రి కూలి మీద పడి మెడ కింద శరీరమంతా చచ్చుబడినా, ఆయన వెల్లకిలా పడుకుని ఒక్కో లైనూ పాడుతూ 1996లో ఆల్బమ్ తెచ్చారని.

చెప్పి ఊరుకోలేదు. నన్ను వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, మైకును పైనుంచి నోటి దగ్గరికి దించి, శ్రుతి కాస్త తగ్గించి, పాటను చిన్న చిన్న ముక్కలుగా పంచ్-ఇన్ చేస్తూ, అంటే ఆపిన చోటు నుంచి మళ్లీ పాడించి అతికిస్తూ, రికార్డ్ చేశారు. ప్రతి ముక్కకీ మైకు దూరం మారకుండా చూశారు, మారితే అతుకు చెవికి తెలిసిపోతుంది కదా. అన్నిటికన్నా నాకు నచ్చింది, నా ఊపిరి చప్పుళ్లను పూర్తిగా కోసేయకపోవడం. అవి తీసేస్తే మనిషి పాడినట్టు ఉండదన్నారు, నిజమే. నొప్పి మొదలైందని నేను చెప్పకముందే గొంతులో పసిగట్టి బ్రేక్ ఇచ్చేవారు.

కొత్త పాట మిక్సింగ్‌కు వెళ్తోంది. క్రెడిట్స్‌లోనైనా మీ పేరు వేయనివ్వండి అన్నా, ఈ ఒక్కటీ కాదనకండి.