మూడో హెడ్‌ఫోన్ సంగతి

విజయనగరం,
ఆదివారం పొద్దున్న.

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నీ క్షేమం తెలియజేయగలవు. ఈ మాట అలవాటు కొద్దీ రాయలేదు. నిజంగానే తెలియజేయగలవు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుతావు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆర్ఎంఎస్‌లో, అదే రైల్వే మెయిల్ సర్వీసులో, ఊరందరి ఉత్తరాలూ సార్టింగ్ చేశాను, నా కూతురికి ఒకటి రాసుకోకూడదా? పైగా ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. "మెసేజ్ పెట్టండి నాన్నా" అని ఒక మెసేజ్. మూడు వారాలుగా నీ గొంతు వినలేదు. రాత్రి పదింటికి ఏం మీటింగులో నాకు తెలీదు, అడగను కూడా. మీ అమ్మతో ఇంటి పన్ను కాగితం రాస్తున్నానని చెప్పి అరుగు మీద కూర్చున్నాను.

ఇక్కడ వాయుగుండమని మూడు రోజులు ఒకటే ముసురు. పెరట్లో పనసకొమ్మ విరిగి కోటేశు వాళ్ళ గోడ మీద పడింది. గోడకేమీ కాలేదు, అయినా ఆవిడ నాతో మాట్లాడడం లేదు. చిన్నత్త మోకాలు అలాగే ఉంది, ఆపరేషన్ మాటెత్తితే ఏడుస్తోంది. నీ వయొలిన్ బీరువా మీంచి దించి చూశాను. పెట్టెకి కొంచెం బూజు పట్టింది. తీగలు వదులు చేసి గుడ్డ కప్పి పెట్టాను. ఎలకలు ముట్టలేదు.

సత్తిబాబు తన నాన్న సంవత్సరీకానికి ఊరొచ్చి, మనింట్లో భోంచేశాడు. మాటల్లో నీ హెడ్‌ఫోన్ల సంగతి వాడే ఎత్తాడు, నేను కదపలేదు. పండగ సేల్‌లో 22 వేలు పెట్టి ఒకటి కొని, బాగోలేదని వెనక్కి పంపావట. తర్వాత చెవిలో దూర్చుకునేది ఒకటి, 12 వేలు. అదీ నచ్చలేదు. ఇప్పుడు మూడోది 28 వేలు, నెలనెలా కట్టేది. దాన్ని కూడా డబ్బాలో పెట్టి తిప్పి పంపడానికి సిద్ధంగా ఉంచావట. నీ సంపాదన, నీ ఇష్టం, నేను మాట్లాడను. 28 వేలంటే 1988లో ఇంచుమించు నా రెండేళ్ళ జీతం, ఆ ఒక్క ముక్కా అని ఊరుకుంటాను. వస్తువు కొనేముందు నలుగురినీ అడగాలి. పండగ పూట సగం ధర అన్నవాడు అసలు ధర ఎంత పెంచి రాశాడో చూసుకోవాలి. నెలవారీ వాయిదా అంటే అప్పే, దానికి ఇంగ్లీషులో ఏ పేరు పెట్టినా. సరే, ఊరుకున్నాను.

మేడమీద అద్దెకున్న కుర్రాడు ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. నీ పేరు చెప్పకుండా వాణ్ణి కూర్చోబెట్టి గంటసేపు అడిగాను. వాడు టీ తాగుతూ చాలా చెప్పాడు. చెవిలో దూర్చుకునే రకానికి డబ్బాలో మూడు సైజుల రబ్బరు తొడుగులు వస్తాయట. మనవాళ్ళు ముందున్నదే పెట్టుకుని మిగతావి డబ్బాలోనే పారేస్తారట. తొడుగు చెవికి బిగుతుగా పట్టకపోతే మృదంగం తొప్పి (ఎడమవైపు మూత) మోత బయటికి జారిపోయి పాట డొల్లగా ఉంటుందన్నాడు. ఇంకోటి. బ్లూటూత్‌లో మాట్లాడే మైకు పనిచేస్తున్నంతసేపూ పాట వచ్చే దారి ఇరుకైపోతుందట. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ తెరిచి ఉంచి పక్కన పాట పెట్టుకుంటే, ఎంత ఖరీదైనదైనా పాత టెలిఫోన్‌లా వినిపించవచ్చట. నువ్వు రోజంతా మీటింగుల్లోనే ఉంటావు కాబట్టి ఇదే అయివుంటుందని నాకు ప్రాణం లేచొచ్చింది. వాడికి రెండో టీ ఇప్పించాను.

కానీ నువ్వు వినేవేమిటి? ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్. మన మ్యూజిక్ కాలేజీలో సర్టిఫికెట్ కోర్సు చేసినప్పటినించీ నీకు అదే పిచ్చి. అదీ ఆయన ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీయే కాబట్టి నేనూ కాదనలేదు. ఆయన 1964లోనే పోయారు. నువ్వు దాచుకున్నవన్నీ 78 స్పీడు గ్రామఫోన్ ప్లేట్లనించి ఎవరో ఎక్కించినవి. అవి మోనో. స్టీరియోలో లాగా కుడివైపు ఒక వాద్యం, ఎడమవైపు ఒక వాద్యం ఉండవు, రెండు చెవులకీ ఒకటే శబ్దం. 22 వేలది పెట్టుకున్నా 28 వేలది పెట్టుకున్నా ప్లేటు గీకుడు ఇంకాస్త శుభ్రంగా వినబడుతుందే తప్ప అందులో లేని వైభవం కొత్తగా పుట్టదు. ప్రకటనల్లో సముద్రం హోరు, సింహం గర్జన అని రాస్తారు గానీ మనకి కావలసింది ఒక కమాను, నాలుగు తీగలు.

నాకు నిద్ర పట్టనిది ఇక్కడే. సత్తిబాబుని మంచినీళ్ళిచ్చే వంకతో అడిగాను, "ఏటిరా, ఏం బాగోలేదంటుంది?" అని. "ఒకవైపు సౌండ్ తక్కువ వస్తోందంటుంది మావయ్యా" అన్నాడు. ఏ వైపు అన్నాను. ఎడమవైపట. మూడింటికీనా అన్నాను. "మూడింటికీ ఎడమవైపే, అదే విచిత్రం" అని పెరుగు వేయించుకున్నాడు. వాడికి విచిత్రంగానే తోచింది. మంచివాడే, ఏదీ లోపలికి తీసుకోడు.

పైడితల్లమ్మ జాతరలో సిరిమాను రోజు గుర్తుందా? పూజారి కూర్చున్న ఆ పొడవాటి మాను గుడినించి కోటకి రెండోసారి వస్తోంది, జనం అరటిపళ్ళు విసురుతున్నారు. నేను నీ ఎడంపక్కనే నిలబడి తప్పుకో అమ్మలూ అని మూడుసార్లు పిలిచాను. పండు భుజానికి తగిలాక గానీ నువ్వు తిరగలేదు. డప్పులు, ఈలలు, ఆ గోలలో ఎవరికి మాత్రం ఏం వినబడుతుందిలే అనుకున్నాను. మర్నాడు భోజనాల దగ్గర నీ చోటు వదిలేసి ఆ చివరికి వెళ్ళి కూర్చున్నావు. మేమందరం నీకు కుడిపక్కకి వచ్చాం. చోటు మారడంలో ఏముందని మీ అమ్మతో సహా ఎవ్వరూ గమనించలేదు. నేను గమనించాను. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇలాగే చోట్లు మారాను.

ఈ కథ నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి సగమే తెలుసు.

1988. మాకు పెళ్ళయి ఆరు నెలలు. నాకు రాత్రి డ్యూటీలు. పగలు ఇంట్లో పడుకుని ఓ గంట పాటలు వినాలని ఆశ. టూ-ఇన్-వన్ పెడితే మీ తాతయ్య "అది ఇల్లా, సినిమా హాలా" అనేవారు. అందుకని విశాఖ వెళ్ళి పూర్ణా మార్కెట్ దగ్గర ఒక దుకాణంలో 175 రూపాయలు పెట్టి హెడ్‌ఫోన్ కొన్నాను. నల్లటి స్పాంజి, తల మీద ఇనప పట్టీ. పాసింజర్‌లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కొత్తవలసలో బండి గంట ఆగింది. ఆ గంటలో డబ్బా నాలుగుసార్లు విప్పి చూసుకున్నాను.

ఇంటికొచ్చి పెట్టుకుంటే కుడివైపే మోగుతోంది. ఎడమవైపు దూరంగా, పక్కింట్లో ఎవరో పాడుతున్నట్టు. నా గుండె జారిపోయింది. వారం ఆఫ్ రోజున మళ్ళీ విశాఖ వెళ్ళాను. దుకాణదారు తన తలకి పెట్టుకుని "రెండువైపులా గణగణమంటోంది కదండీ" అన్నాడు. నేను వినలేదు. మార్చి ఇచ్చాడు. రెండోది కూడా అంతే. మళ్ళీ వెళ్ళాను. రానూపోనూ ఛార్జీలు, టిఫిన్, సెలవు, అన్నీ కలిపితే ఇంకో హెడ్‌ఫోన్ వచ్చేది. మూడోసారి దుకాణంలో నలుగురి ముందూ గొంతు పెంచాను. నకిలీ సరుకు అమ్ముతున్నావన్నాను, పోలీసుల దాకా వెళ్ళాను మాటల్లో. ఆయన కోపగించుకోలేదు. మూడోది చేతిలో పెట్టి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది బాబూ, ఓసారి చెవి చూపించుకో" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

ఓ మధ్యాహ్నం మీ అమ్మ సరదాగా హెడ్‌ఫోన్ నా తలకి తిరగేసి పెట్టింది. ఎడమది కుడిచెవికి, కుడిది ఎడమచెవికి. అప్పుడూ కుడిచెవిలోనే మోగింది. నాకు అర్థమైపోయింది. మీ అమ్మ "ఇప్పుడు బావుందా?" అంటే "ఆఁ, బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

ఆ తర్వాత రెండు నెలలు ఎవరికీ చెప్పలేదమ్మా. ఆఫీసులో అందరూ నా కుడివైపుకి వచ్చేలా బల్ల మార్చుకున్నాను. ఎడమపక్కనించి ఎవరైనా మాట్లాడితే నవ్వేసేవాణ్ణి, దేనికి నవ్వుతున్నానో తెలియకుండా. చెవిటి సార్టరని పేరొస్తే ఉద్యోగం పోతుందని భయం, మీ తాతయ్యకి తెలిస్తే ఏమంటారోనని భయం. మామ్మకి మాత్రం ఎలాగో తెలిసిపోయింది. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసింది. దాంతో చెవి ఇంకా బిగుసుకుపోయి రాత్రంతా హోరు. చివరికి ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన లైటు పెట్టి చూసి ముందు తిట్టారు నూనె పోసినందుకు. తర్వాత నాలుగు రోజులు చుక్కలు వేసుకు రమ్మని, ఐదోరోజు గోరువెచ్చని నీళ్ళు పిచికారీతో కొట్టారు. చింతగింజంత గులిమి వచ్చి పళ్ళెంలో పడింది. అంతే! బయటికొస్తే రిక్షా బెల్లు చెవిలో గుచ్చుకుంది. ఇంటికొచ్చి పడుకుంటే ఫ్యాను కిర్రుమంటోందని మొదటిసారి తెలిసింది. ఆ మాట మీ బాబాయి నెలరోజులుగా చెప్తూనే ఉన్నాడు.

రెండు కిలోల భీమాలి తాండ్ర పట్టుకుని దుకాణదారు దగ్గరికి వెళ్ళాను, తప్పయిందని చెప్పుకోవడానికి. ఆయనకి నేనెవరో గుర్తులేదు. తాండ్ర తీసుకుని, వైరు చివర పిన్ను వదులైందని చెప్తే అది అతికి పదిహేను రూపాయలు పుచ్చుకున్నాడు.

నీదీ గులిమే అని చెప్పడం లేదు. గులిమి కావచ్చు, జలుబు చెవిలోకి దిగి ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. నిజంగా హెడ్‌ఫోన్లే తప్పుగా వచ్చి ఉండొచ్చు కూడా, కాదనను. అందుకే ఆ మూడోది వెనక్కి పంపేముందు ఒక్క పని చెయ్యి. పాట పెట్టి, హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకో. సౌండ్ తగ్గడం కుడిచెవికి మారిందా, తప్పు వస్తువుది, నిక్షేపంగా తిప్పి పంపేయ్. ఎడమచెవిలోనే ఉండిపోయిందా, అప్పుడు డబ్బాకి స్టిక్కర్ అంటించకు, బేగి చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళు. సోమవారం కాదు, వచ్చే నెల జీతం వచ్చాక కాదు. ఒక చెవి ఉన్నట్టుండి తగ్గితే మందు పనిచేసేది మొదటి రోజుల్లోనేనట, ఆలస్యమైన కొద్దీ కష్టమట. ఇది రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది, అక్షరాలు చూసి వేరేగా అనుకోకు, అరుగు మీద గాలి.

అక్కడ చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, సన్నగా కీచుమనే శబ్దాలు వినిపిస్తారట. వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. ఆడియోమెట్రీ అంటారు. నొప్పి ఉండదు. ఆ హెడ్‌ఫోన్ కూడా బాగోలేదని వాళ్ళకి వెనక్కి ఇచ్చేయకు.

పుల్లలు, పిన్నులు, ఇయర్‌బడ్‌లు చెవిలో పెట్టకు. నూనె పోయకు, మామ్మ లేదు కదా అని నువ్వు పోసుకోకు. ఎడమవైపు తక్కువగా ఉందని సౌండ్ పెంచుతున్నావేమో, రెండో చెవి సంగతి చూసుకో. పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మేడమీద కుర్రాడు ఫోన్లో చూపించాడు. తలస్నానం చేసి తడిజుట్టుతో ఏసీలో కూర్చోకు. రాత్రుళ్ళు అన్నం మానేసి ఆ డబ్బా నూడుల్స్ తినకు. ఇదీ చెవికి సంబంధం లేనిదే, అయినా రాశాను.

సంబంధం వాళ్ళు సంక్రాంతి తర్వాత వస్తామన్నారు. అది మనసులో పెట్టుకుని దాస్తున్నావేమోనని ఒకరాత్రి నాకు తోచింది. అదే అయితే ఆ సంబంధం నా లెక్కలో లేనట్టే, నేనే ఫోన్ చేసి చెప్పేస్తాను. మీ అమ్మకి ఇవేవీ చెప్పలేదు. చెప్తే ఈపాటికి నీ దగ్గర ఉండేది, ఊరగాయ జాడీతో సహా.

కావాలంటే నేను వస్తాను. రాత్రి బండెక్కితే పొద్దున్నకి నీ దగ్గర ఉంటాను. సీనియర్ సిటిజన్‌ని కదా, కింది బెర్తు దొరుకుతుంది. పనసపొట్టు తెస్తాను, కూర నువ్వు చెయ్యక్కర్లేదు, నేను చేస్తాను.

కుడా, ఎడమా, ఒక్క మాట రాయి. ఫోన్ ఎత్తలేకపోతే మెసేజ్ చాలు.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. తాండ్ర పార్సిల్ చేశాను, ఈ ఉత్తరం కన్నా ముందే అందాలి. సత్తిబాబుకి సగం ఇవ్వు. వాడు చెప్పాడని వాడిమీద కేకలేయకు.