షాపు మారుతున్నాం, ఎందుకో మీకు చెప్పాలి

అందరికీ నమస్కారం. సిడ్నీ వెంట్‌వర్త్‌విల్‌లో మన టిఫిన్ సెంటర్ ఈ నెలాఖరుతో ఖాళీ చేసి తూంగాబీలో ఇంకో చిన్న షాపులోకి వెళ్తున్నాం. వ్యాపారం నడవక మూసేస్తున్నారంట అని ఒకళ్ళిద్దరు అనుకుంటున్నట్టు తెలిసింది, అది విని మనసుకి చాలా కష్టమనిపించింది, ఎందుకంటే అద్దె ఒక్కసారి కూడా లేటుగా కట్టినవాళ్ళం కాదు మేము.

జరిగిందేంటంటే, పోయినేడు ఓనర్ బిల్డింగ్ మీద పాత రేకులు పీకించి మొత్తం కప్పు కొత్తగా వేయించాడు, ఆ ఖర్చుని అవుట్‌గోయింగ్స్‌లో, అంటే అద్దె కాకుండా మేము కట్టే బిల్డింగ్ ఖర్చుల్లో, "రూఫ్ మెయింటెనెన్స్" అని ఒక్క లైను రాసి మా నెత్తిన వేశాడు. న్యూ సౌత్ వేల్స్‌లో 1994 రీటెయిల్ లీజెస్ చట్టం ప్రకారం బిల్డింగ్‌కి పెట్టిన క్యాపిటల్ ఖర్చు, అంటే చిన్న రిపేర్లు కాకుండా ఇలా కొత్తగా కట్టించే పెద్ద ఖర్చు, అద్దెకున్నవాళ్ళ దగ్గర వసూలు చెయ్యకూడదు. కట్టింది వెనక్కివ్వమని అడిగాం, ఉలుకూ పలుకూ లేదు. తీరా లీజు అయిపోయే టైముకి ఏజెంట్ కొత్త లీజు కాయితాలు తెచ్చాడు, చివరి పేజీలో ఒక చిన్న పేరా, పాత డబ్బు గురించి ఇక ఎప్పటికీ అడగం అని మేము ఒప్పుకోవాలంట. సంతకం పెడితే ఐదేళ్ళు, లేదంటే ఖాళీ చెయ్యండి అన్నాడు.

ఆ కాయితం ముందు పెట్టుకుని ఇంట్లో ఎన్ని రాత్రులు వాదించుకున్నామో. వదిలెయ్యండి, ఆ డబ్బు కంటే షాపు ముఖ్యం అంది మా ఆవిడ, ఆమె మాటలో న్యాయం లేదని అనను, ఎగ్జాస్ట్ హుడ్, గ్రీజ్ ట్రాప్ అన్నీ మా డబ్బుతో బిగించినవే, అవన్నీ వదులుకుని రావాలి.

లాయర్ని అడిగితే పెర్త్ కేసు చెప్పాడు. అక్కడ ఫిష్ అండ్ చిప్స్ షాపు దంపతులకి అచ్చం ఇదే జరిగింది, అవుట్‌గోయింగ్స్ మీద వేసిన క్లెయిమ్ వదులుకుంటేనే లీజు అన్నారు, వాళ్ళు షాపు అమ్ముకోవాలి కాబట్టి వదులుకున్నారు. ఓనర్లది అన్‌కాన్షనబుల్ కాండక్ట్, అంటే మనస్సాక్షి లేని అన్యాయపు ప్రవర్తన అని ఏసీసీసీ (వినియోగదారుల, పోటీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) హైకోర్టు దాకా, అంటే ఇక్కడ దేశంలోనే పై కోర్టు దాకా వెళ్ళింది, 2003లో ఓడిపోయింది, అది గట్టి బేరమే తప్ప చట్టం దాటలేదు అన్నారు జడ్జిలు. మన రాష్ట్ర చట్టంలో దీనికి వేరే సెక్షన్ ఉంది, 62బి, ఎవరి బలమెంత, ఒత్తిడి పెట్టారా, నిజాయితీగా మాట్లాడారా అన్నీ చూస్తారు, కానీ గెలిచినా డబ్బు రావచ్చేమో గానీ లీజు వస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దన్నాడు.

అయినా సంతకం పెట్టలేదు. పంతమే అనుకోండి. మన డబ్బు తీసుకున్నవాడు, దాని ఊసెత్తనని రాసిస్తేనే ఉండనిస్తా అంటే చెయ్యి రాలేదు నాకు. స్మాల్ బిజినెస్ కమిషనర్ దగ్గర మీడియేషన్‌కి అప్లై చేశాం, అక్కడ తేలకపోతే ఎన్‌క్యాట్‌కి (ఇలాంటి తగాదాలు తేల్చే రాష్ట్ర ట్రిబ్యునల్‌కి) వెళ్తాం, ఆ రూఫ్ డబ్బు వదిలేది లేదు.

ఇక మీ సంగతి. వంటవాళ్ళు వాళ్ళే, రేట్లు అవే, కేటరింగ్‌కి ఇచ్చిన అడ్వాన్సులు ఎక్కడికీ పోవు, కావాలంటే అడగండి, అదే రోజు వెనక్కిచ్చేస్తాం. కొత్త చోట ఎగ్జాస్ట్‌కి కౌన్సిల్ పర్మిషన్ ఇంకా రాలేదు, వచ్చేదాకా పచ్చళ్ళు, పొడులు, దోశ పిండి మాత్రమే, ఆదివారం పెసరట్టు ఆ తర్వాతే. పిండి కావాల్సినవాళ్ళు ముందురోజు సాయంత్రంలోపు పాత నంబరుకే మెసేజ్ పెట్టండి.