బావగారి రిపోర్టులో ఎర్ర గుర్తు

మహారాణిపేట, విశాఖపట్నం.

ప్రియమైన ప్రసాద్‌కు,

నువ్వు పంపిన బావగారి రక్తపరీక్ష కాగితాలు నిదానంగా చూశాను. కాలేయ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చూసే ఏ.ఎఫ్.పి. (ఆల్ఫా ఫీటో ప్రోటీన్) 38 అని ఉన్నచోట ల్యాబు వాళ్ళు ఎర్రగా గుర్తు పెట్టేసరికి అక్కయ్య అన్నం కూడా సరిగా తినడం లేదని రాశావు. ఇక్కడ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కె.జి.హెచ్.) ఎదుట మందుల దుకాణాల దగ్గర ఇలాంటి కాగితం పట్టుకుని, కనబడినవాళ్ళనల్లా "ఇది క్యాన్సరేనా బాబూ" అని అడిగేవాళ్ళను రోజూ చూస్తుంటాను. ఆ ఒక్క అంకెతో అవునని గానీ కాదని గానీ ఎవరూ చెప్పలేరు.

ఈ ఏ.ఎఫ్.పి. కడుపులోని బిడ్డ కాలేయం తయారుచేసే పదార్థం. పుట్టాక తగ్గిపోయి, పెద్దవాళ్ళలో సాధారణంగా మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల లోపే ఉంటుంది. కాలేయ కణితి ఉన్న ఎలుకల్లో ఇది మళ్ళీ పుడుతోందని 1963లో సోవియట్ శాస్త్రవేత్త అబెలెవ్ బృందం కనిపెట్టగా, మరుసటి ఏడాది యూరి తతారినోవ్ రోగుల రక్తంలోనూ చూపించాడు. చిక్కేమిటంటే, హెపటైటిస్‌తో దెబ్బతిన్న కాలేయం కొత్త కణాలను పుట్టించుకునేటప్పుడు కూడా ఇది పెరుగుతుంది. బావగారికి హెపటైటిస్ బి ఉంది, అదే కాగితంలో కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్.జి.పి.టి. కూడా బాగా ఎక్కువగా ఉంది. కాబట్టి ఆ 38 వాపు వల్ల వచ్చినదే కావచ్చు. వైరస్ మందులతో ఎస్.జి.పి.టి. దిగుతున్నకొద్దీ ఇదీ దిగితే మంచిదే. అది దిగి ఇది మాత్రం ఎక్కుతూ పోతే అనుమానించవలసిందే. 400 దాటి, స్కానులో గడ్డ కూడా కనిపిస్తే అనుమానం చాలా బలపడుతుంది. అలాగని మామూలుగా ఉందని నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు; చిన్న కణితులున్న చాలామందిలో ఇది పెరగనే పెరగదు.

అందుకే మరో రెండు పరీక్షలు వచ్చాయి. మసూర్ పప్పు జాతి గింజల్లోని లెక్టిన్ అనే ఒక ప్రోటీన్‌కు అంటుకునే ఏ.ఎఫ్.పి. భాగాన్ని ఎల్3 అంటారు, అది 10 శాతం మించితే గమనిస్తారు. రెండోది పివ్‌కా, అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్రోత్రాంబిన్ అనే ప్రోటీన్ సరిగా తయారుకాని రూపం. విటమిన్ కె తక్కువైనా, వార్‌ఫరిన్ వాడుతున్నా అదీ పెరుగుతుంది కనుక, బావగారు రక్తం పలచబడే మందులేమైనా వేసుకుంటున్నారేమో ముందే కనుక్కో. ఈ రెండిటికి, ఏ.ఎఫ్.పి.కి వయసు, లింగం కలిపి గాలాడ్ అనే లెక్క కూడా కడతారు గానీ, ఇప్పుడు దానికోసం డబ్బు పోయనక్కరలేదని నా అభిప్రాయం.

ఆ డబ్బేదో ట్రిపుల్ ఫేజ్ సి.టి.కి, అంటే మందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కానుకు పెట్టండి. కాలేయానికి ఎక్కువ రక్తం పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా వస్తే, కాలేయ క్యాన్సర్ కణితి ప్రధానంగా ధమని నుంచి లాక్కుంటుంది. అందువల్ల ఎక్కించిన మందుతో స్కానులో ముందుగా మెరిసి, తరువాత చుట్టుపక్కల కాలేయం కన్నా నల్లబడుతుంది. సిరోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడడం) ఉన్నవారిలో సెంటీమీటరు దాటిన గడ్డ స్పష్టంగా ఇలా కనిపిస్తే, ముక్క తీయకుండానే నిర్ధారిస్తారు. స్కానుకు ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించడం మరవకండి. ఏమీ కనిపించకపోయినా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏ.ఎఫ్.పి. చేయించాలా అని డాక్టరుగారిని తప్పక అడుగు.

బావగారిని తీసుకువచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి తీసుకురా, మేనల్లుణ్ణీ అక్కయ్యనూ కూడా వెంటబెట్టుకురా. ఆ ఇద్దరికీ హెపటైటిస్ బి పరీక్ష చేయించి, లేదని తేలి రక్షణ కూడా లేకపోతే టీకాలు ఇక్కడే మొదలుపెట్టిద్దాం.

నీ
శేఖర్