మిస్సింగ్ వచ్చే పాత కార్ల విషయంలో మా షెడ్డు పద్ధతి మారింది

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు పాత పెట్రోలు కార్లు తెచ్చేవారందరికీ నమస్కారం. మిస్సింగ్ (సిలిండరులో పెట్రోలు సరిగా మండకుండా తప్పిపోవడం), గుంజుడు, పికప్ లేకపోవడం వంటి ఇబ్బందులతో వచ్చే కార్లకు ఈ నెల నుంచి ముందుగా పరీక్ష చేసి, అందుకు 600 రూపాయలు విడిగా తీసుకుంటున్నాం. లోపం ఎక్కడుందో తేలేదాకా ఒక్క సామాను కూడా మార్చడం లేదు. "ఏమీ వేయకుండా, చూసినందుకే డబ్బులా?" అని కొందరు నొచ్చుకున్నారు. వారు అడిగినదాంట్లో న్యాయం ఉంది కనుక వివరంగా జవాబు రాస్తున్నాను.

కిందటి వర్షాకాలంలో గుడివాడ నుంచి ఒక మాస్టారు తమ 2003 మోడల్ కారు తెచ్చారు. ఒక్కరే నడిపితే బాగానే పోతోందని, నలుగురు కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం గుంజుతోందని చెప్పారు. పెట్రోలు సరిగా అందడం లేదని నేనే తేల్చేసి, ప్రెషర్ గేజి పెట్టి చూడకుండానే ట్యాంకులోని పంపు, ఫిల్టరు మార్పించాను. మూడో రోజున ఆయన అదే గుంజుడుతో మళ్లీ వచ్చారు. ఆ రాత్రి షెడ్డులో లైట్లు ఆర్పి, ఇంజన్ నడుస్తుండగా, సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుల వైర్ల మీద దూరం నుంచి నీళ్లు సన్నగా చిలకరిస్తే, మూడో సిలిండరు వైరు నుంచి నీలిరంగు నిప్పురవ్వ ఇంజన్ మీదికి దూకడం కనిపించింది. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ సిలిండరులోకి గాలి ఎక్కువగా చేరి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు కొనల మధ్య రవ్వ పుట్టాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజి కావాలి. వైరు తొడుగు ఎక్కడైనా చిట్లి ఉంటే కరెంటు ఆ సులువైన దారిలోనే బయటికి పోతుంది. మామూలుగా కనబడని లోపం బరువు పడినప్పుడు బయటపడింది అందుకే. వందల రూపాయల వైర్ల సెట్టుతో పోయేదానికి ఆయన చేత వేలు ఖర్చు పెట్టించాను. పంపు డబ్బూ కూలీ తిరిగి ఇచ్చేశాను గానీ, ఆయన పని మానుకొని రెండుసార్లు తిరిగిన తిరుగుడుకు నేనేమీ ఇవ్వలేకపోయాను.

ఆనాటి నుంచి మేము మొదట అడిగేది మిస్సింగ్ ఎప్పుడు వస్తోందని. నిలబడి ఉన్నప్పుడు వణికి, రేస్ చేయగానే సర్దుకుంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గరో, పగిలిన వాక్యూమ్ గొట్టం దగ్గరో దొంగగాలి (లెక్కలో లేని గాలి) లాగుతోందని మాకు అనుమానం. ఎత్తు మీద, బరువు మీద మాత్రమే గుంజితే రవ్వ బలహీనపడి ఉండాలి, లేదా పెట్రోలు చాలకపోయి ఉండాలి. ఈ రెండూ డ్రైవరుకు ఒకేలా తెలుస్తాయి కాబట్టి, ఎంపీఎఫ్ఐ కార్లలో (పెట్రోలును ఇంజెక్టర్లు చిమ్మే కార్లలో) పెట్రోలు ఒత్తిడి చూపే గేజి తగిలించి రోడ్డు మీద నడిపి చూస్తాం. చాలా మోడళ్లలో పెట్రోలు ఒత్తిడి 3 బార్‌ల చుట్టుపక్కల ఉండాలి. గుంజిన క్షణంలో అది పడిపోతే పంపు, ఫిల్టరు వైపు వెళతాం. ముల్లు కదలకపోతే ముందు ప్లగ్గులు, వైర్లు, రవ్వకు వోల్టేజి అందించే కాయిల్ చూసి, ఆ తర్వాత ఇంజెక్టర్లు చూస్తాం.

ప్లగ్గులు విప్పి వరుసగా పెట్టి చూడడానికి పది నిమిషాలు పడుతుంది. అయినా నా దృష్టిలో అంతటి పరీక్ష మరొకటి లేదు. లేత గోధుమరంగు మంచి గుర్తు; నల్లటి పొడిమసి పెట్రోలు ఎక్కువైందనీ, సున్నంలాంటి తెలుపు పెట్రోలు తక్కువై వేడెక్కుతోందనీ చెబుతాయి. పెట్రోలుతో తడిసి వచ్చిన ప్లగ్గుకు చాలాసార్లు రవ్వ అందడం లేదని అర్థం. నూనె పట్టి ఉంటే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఉంటాయి, అప్పుడు కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండరులో వచ్చే ఒత్తిడి) చూడక తప్పదు. ఏదైనా సిలిండరులో కంప్రెషన్ తక్కువగా ఉంటే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తాం. పెరిగితే రింగులు, పెరగకపోతే ఎక్కువగా వాల్వులు. మారుతి 800లో ఉన్నవి మూడే సిలిండర్లు. ఒకటి పని మానేస్తే మూడో వంతు బలం పోయినట్టే. అలాంటి కారును "ఇంకో వారం నడిపి తెస్తాం" అనకండి. కాలని పెట్రోలు సైలెన్సరు వైపు పోయి, పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కార్లలో దానిని మాడ్చేస్తుంది.

"స్కానర్ పెడితే తెలిసిపోదా?" అని చాలామంది అడుగుతారు. స్కానర్ అంటే కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే పరికరం. ఇంజెక్టర్లు లేకుండా కార్బురేటరే పెట్రోలునూ గాలినీ కలిపే పాత కార్లలో స్కానర్ పెట్టడానికి కంప్యూటరే ఉండదు. స్కానర్ అందుకునే కార్లలో కూడా పీ0301 అనే కోడ్ మొదటి సిలిండరు మండడం లేదని మాత్రమే చెబుతుంది. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, వాల్వా అన్నది మనిషే తేల్చాలి.

ఇక ఇంధనం సంగతి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు, 2025 నాటికి అది దేశమంతటా బంకులకు చేరింది. వచ్చిన ప్రతి లోపాన్నీ దాని మీదికి నెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కారు ఈ తేడాను కొంత సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు కనుక మిశ్రమం పలచబడి మిస్సింగ్ రావచ్చు. అటువంటి వాటికి పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల జెట్లు, మిశ్రమాన్ని సర్దే మిక్స్చర్ స్క్రూ చూసి సర్దుతున్నాం. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి కదలని కారులో నీరు ఎక్కువైతే అది ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది, పంపు లాగేదీ అక్కడి నుంచే. మీ ఎదుటే గాజు సీసాలోకి పెట్రోలు తీసి కాసేపు నిలబెడితే అడుగున పొర విడిగా కనిపిస్తుంది. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడితే మాత్రం ఆలోచించకుండా మార్చేస్తున్నాం, ఎందుకంటే అక్కడ ఉన్నది నిప్పు ప్రమాదం.

గ్యాస్ కిట్టు ఉన్నవారికి ఒక మనవి. పెట్రోలును ఎప్పుడూ రిజర్వులోనే ఉంచకండి. ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే. వాడకుండా వదిలేసిన ఇంజెక్టర్లలో జిగురు పేరుకుంటుంది కనుక, రోజూ కొంత దూరమైనా పెట్రోలు మీద నడపండి.

కారు తెచ్చే ముందు బ్యాటరీ వైరు తీయకండి, ఎవరి చేతా కోడ్‌లు చెరిపించకండి, ట్యాంకులో పావు వంతైనా పెట్రోలు ఉంచండి. ఉదయం మొదటి సెల్ఫ్‌కు మాత్రమే కనిపించే మిస్సింగ్ అయితే కారును ముందురోజు సాయంత్రమే మా దగ్గర వదలాలి, వేడెక్కిన ఇంజన్‌లో అది దొరకదు. పాత సామాను తీసినది తీసినట్టు మీకే అప్పగిస్తాం.

గత రెండేళ్లలో మా దగ్గర పంపు గానీ ఇంజెక్టర్లు గానీ మార్పించుకొని, ఇప్పటికీ అదే ఇబ్బంది పడుతున్నవారు బిల్లు ఉన్నా లేకపోయినా కారు తీసుకురండి. వారికి పరీక్ష ఉచితం. నేను పొరపాటున వేయించిన సామాను ఖర్చు వెనక్కి ఇస్తాను.